నిచ్చెన దిగిన మేస్త్రి

నడుము ఎలా ఉందని ఎవరడిగినా మేస్త్రి నోటి వెంట వచ్చే మాట ఒక్కటే. "భేషుగ్గా ఉంది." అడిగింది పేపరు వేసేవాడైనా, కట్టుకున్న భార్యయినా, ఎక్స్‌రే చేత్తో పట్టుకున్న డాక్టరైనా జవాబు మారేది కాదు. ఆ మాట అంటున్నంతసేపూ ఆయన చేయి పక్కనున్న గోడను పట్టుకునే ఉండేది. మనిషి పళ్ళ బిగువున నిలబడ్డాడని తెలియాలంటే కాస్త దగ్గరికొచ్చి చూడాలి. అంత తీరిక లోకానికి ఎక్కడిది?

ఇళ్ళకు రంగులు వేయడం ఆయన పని. ఆరడుగుల పైమాటే మనిషి. దానికి తోడు మీసాలొచ్చిన నాటి నుంచీ నిచ్చెన మీదే బతికాడు కాబట్టి అందరూ నిచ్చెన మేస్త్రి అనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

పనిలో ఆయనకు తోడు భార్య తమ్ముడు. చేయి మంచిది, మనసు ఇంకా మంచిది, కానీ రెండో మెట్టు ఎక్కితే చాలు, అతనికి భూమి గిర్రున తిరిగిపోతుంది. రంగుల పనిలోకి వచ్చినవాడికి ఎత్తంటే భయం ఉండటం ఏమిటని నవ్వనివాళ్ళు లేరు. అందుకే బావాబావమరుదులు గోడను పంచుకున్నారు. నేల నుంచి తల ఎత్తు దాకా బావమరిది వాటా, ఆ పైన చూరు దాకా బావ వాటా. ఇద్దరి బ్రష్షులూ కలిసిన చోటు ఎక్కడో పట్టుకున్న ఇంటివాడు ఇంతవరకు పుట్టలేదు. పని అంత శుభ్రంగా ఉండేది.

కొన్నేళ్ళ కిందట ఒక మూడంతస్తుల ఇంటి బయటి గోడకు రంగు వేస్తుండగా పరంజా కర్ర జారింది. మేస్త్రి రెండో అంతస్తు నుంచి కింద పోసివున్న ఇసుక కుప్ప మీద పడ్డాడు. ప్రాణం దక్కింది, వెన్నులో ఎముక చిట్లింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు, "ఇక మీదట నిచ్చెన వంక చూడొద్దు," అని గట్టిగా చెప్పాడు. మేస్త్రి బుద్ధిగా తలూపాడు. మంచం దిగిన కొన్నాళ్ళకే మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? ఇంటి అద్దె ఆయన నడుము సంగతి అడగదు. బావమరిది పైకెక్కలేడు. తల ఎత్తు దాకా మాత్రమే రంగు వేసి, మిగతాది మీరు వేసుకోండి అంటే ఏ ఇంటివాడు ఒప్పుకుంటాడు?

భార్య ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మిషను మీద పనిచేసేది. ఆయన పడ్డాక రెండో షిఫ్టు కూడా చేయడం మొదలుపెట్టింది. ఆ ఆవిరిలో నిలబడి నిలబడి ఇంటికి వచ్చేసరికి ఆమె ముఖం ఉడికిపోయి ఉండేది. వచ్చి చెప్పులైనా విడవకుండా, "ఎక్కావా ఇవాళ?" అని అడిగేది. "ఏదో కాస్త. ఒక నాలుగు మెట్లు," అనేవాడు మేస్త్రి. ఆ నాలుగు మెట్ల లెక్క ఆమె ఏనాడూ నమ్మలేదు. మళ్ళీ పడితే ఈసారి కింద ఇసుక కుప్ప ఉండదన్నదే ఆమె దిగులు.

అంగవైకల్యం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం నెలనెలా పింఛను ఇస్తుందని ఆమెకు లాండ్రీలో ఎవరో చెప్పారు. అది వస్తే మనిషి నిచ్చెన దిగొచ్చు. అంతే, ఆ మాట పట్టుకుని వదల్లేదు. ఆస్పత్రి కాగితాలు, స్కాన్లు, ఫోటోలు అన్నీ ఒక సంచిలో వేసుకుని, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య దొరికిన ఖాళీలో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. కిటికీ వెనక గుమస్తా ఒకసారి ఫోటో పెద్దదన్నాడు, ఇంకోసారి సంతకం చిన్నదన్నాడు. చివరికి ఆమె ముఖం చూస్తేనే అతనికి దరఖాస్తు నంబరు నోటికి వచ్చేసేది. ఒకరోజు పిలుపు రానే వచ్చింది. మేస్త్రి ఫలానా రోజున డాక్టరు ముందు హాజరు కావాలట, ఎంత వైకల్యం ఉందో పరీక్ష చేసి తేలుస్తారట.

ఇక్కడే మన మేస్త్రి కొంప ముంచుకున్నాడు.

ఇంటివాళ్ళు పని చూడ్డానికి వచ్చే రోజును రంగులవాళ్ళు ఊరికే వదిలిపెట్టరు. ముందు రోజే పగుళ్ళలో మళ్ళీ లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేస్తారు. మరక కనిపించిన చోట ఇంకో పూత వేస్తారు. డబ్బాలు ఒక మూల వరసగా సర్ది, నేల మీది చుక్కలు గీకి తుడుస్తారు. గోడ బాగా వచ్చిన వైపు కిటికీ తెరిచిపెడతారు, రాని వైపు మూసేస్తారు. మేస్త్రి జన్మంతా అదే పని. ఎవరైనా వచ్చి చూస్తున్నారంటే ఆయనకు తెలిసిన తయారీ అది ఒక్కటే. ఈసారి చూడ్డానికి వచ్చేది గోడను కాదు, తనను. అంతే తేడా అనుకున్నాడు.

ముందు రోజు సాయంత్రం జుట్టుకు రంగు వేయించుకున్నాడు. గడ్డం నున్నగా గీయించాడు. పొద్దున భార్య పనికి వెళ్ళాక, ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేసి తెచ్చిన చొక్కా తొడిగాడు. దాని కింద నడుముకు వెడల్పాటి పట్టీ కట్టించుకున్నాడు. "ఇంకా బిగించరా, ఊపిరి ఆడితే లాభం లేదు," అని బావమరిది చేత లాగించుకున్నాడు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినదాని కంటే ఎక్కువే మింగాడు. పట్టీ, మాత్రల సంగతి భార్యకు తెలియదు. ఆ పూట ఆమెకు సెలవు ఇవ్వలేదు. బావమరిది తోడు వెళ్ళాడు.

"పెళ్ళికొడుకులా ఉన్నావు బావా," అన్నాడు బావమరిది మెచ్చుకోలుగా.

పరీక్ష చేసిన డాక్టరు కుర్రవాడు. బయట జనం బారులు తీరి ఉన్నారు, అతను తల ఎత్తకుండానే అడుగుతున్నాడు.

"నడవండి."

మేస్త్రి ఛాతీ విరుచుకుని గది ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు.

"వంగండి."

వంగాడు. కళ్ళ ముందు చుక్కలు తిరిగాయి. అయినా వేళ్ళు మోకాళ్ళు దాటేదాకా వంగి, అలాగే లేచాడు. చొక్కా లోపల చెమట కాలువలు కట్టింది.

"నొప్పి ఉందా?"

"అలవాటే సార్."

"ఏదైనా పని చేయగలరా?"

ఈ ప్రశ్నతో మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. "చేయగలనా అంటారేంటి సార్! ఈ గది నాకిచ్చి చూడండి. రెండు రోజుల్లో తళతళలాడిస్తాను. అదుగో, ఆ మూల చెమ్మ దిగింది. ముందు దాన్ని గీకాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే లప్పం. వెనకటివాడెవడో చెమ్మ మీదే రంగు కొట్టి పోయాడు."

డాక్టరు ఆ మూలకేసి ఒకసారి చూసి, ఏదో రాసుకుని, తర్వాతివాళ్ళను పిలవమన్నాడు. మేస్త్రి మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాడు. ఇంటికి వెళ్ళాక పట్టీ విప్పగానే మంచం మీద అడ్డంగా పడిపోయాడు, రెండు రోజులు లేవలేదు. కానీ ఆ రాత్రి భార్య వచ్చి ఆత్రంగా ఏమైందని అడిగితే, పడుకున్నచోటు నుంచే గర్వంగా చెప్పాడు.

"అన్నిట్లోనూ పాసయ్యాను."

ఆమె సంచి కింద పెట్టి మంచం దగ్గరికొచ్చింది.

"ఏం చేశావయ్యా?" అంది. అంతా విన్నాక తల పట్టుకుని గడప మీద కూలబడింది. "పాసైతే ఇవ్వరయ్యా! ఫెయిలైతేనే ఇస్తారు! గోడలకి పెట్టే లప్పం చాలక నీ నడుముకి కూడా పెట్టుకుపోయావా?"

ఆమె అన్నట్టే అయింది. మీరు పని చేయగల స్థితిలోనే ఉన్నారు, పింఛనుకు అర్హులు కారు అని ఉత్తరం వచ్చింది. అభ్యంతరముంటే మరోసారి పరీక్ష కోరవచ్చునని కింద ఒక ముక్క ఉంది. ఆమె ఆ ఒక్క ముక్కను పట్టుకుని మర్నాడే మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. కిటికీ వెనక గుమస్తా ఆమెను చూసి, "మళ్ళీ వచ్చారా?" అన్నాడు. "ఇచ్చేదాకా వస్తాను," అంది. అతను కాగితం తీసుకున్నాడు.

రెండో పిలుపు వచ్చేలోగా ఒక సంగతి జరిగింది. అది భార్యకు తెలియదు.

ఒక ఇంటి మెట్లదారి గోడకు రంగు వేస్తున్నారు. బాగా ఎత్తైన గోడ. మేస్త్రి నిచ్చెన చివరి మెట్ల మీద ఉండగా ఎడమ కాలు ఉన్నట్టుండి మాయమైపోయింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, అసలు కాలే లేనట్టు. రంగు డబ్బా జారి కింద పడింది. మోచేయి నిచ్చెన మెట్టులో ఇరికించుకుని, దాని మీదే ఒళ్ళంతా వేలాడేసుకుని ఉండిపోయాడు. కింద బావమరిది నిచ్చెనను రెండు చేతులా కావలించుకుని, "బావా, బావా," అని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. పైకెక్కి పట్టుకుందామని ఒక మెట్టు ఎక్కాడు, కళ్ళు తిరిగి దిగాడు, మళ్ళీ ఎక్కాడు. కాలు తిరిగి వచ్చేదాకా ఆ గండం ఎలా గడిచిందో ఆ ఇద్దరికే తెలుసు.

దిగాక మేస్త్రి అన్న మొదటి మాట, "మీ అక్కకి చెప్పావో, చంపేస్తాను." ఒట్టు వేయించుకున్నాడు కూడా. మర్నాటి నుంచి నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ నడుముకు తాడు కట్టుకుని, దాని రెండో కొస నిచ్చెనకు కట్టుకోవడం మొదలుపెట్టాడు. పడితే నిచ్చెనతో సహా పడతాడన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. వచ్చినా దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

రెండో పరీక్ష దగ్గర పడేకొద్దీ బావమరిది హడావుడి చూడాలి. క్రితంసారి జరిగిన నష్టానికి తానూ పట్టీ బిగించి సాయం చేశానన్న బాధ అతన్ని తినేస్తోంది. "బావా, ఈసారి నడవనే నడవకు. నేను వీపు మీద మోసుకెళ్తా. డాక్టరు ముట్టుకోగానే ఒక్క కేక పెట్టాలి. ఇలా," అని ఇల్లు అదిరేలా కేక పెట్టి చూపించాడు. పక్కింటివాళ్ళు కంగారుగా తలుపు కొట్టారు. మేస్త్రి కూడా ఒకసారి ప్రయత్నించాడు. ఆయన కేక దగ్గులాగ వచ్చింది. బావమరిది నేల మీద దొర్లి మరీ నేర్పించబోతే అక్క చీపురు అందుకుంది.

"ఒరేయ్, నీ నాటకాలు అవతల పెట్టు. ఆయన నొప్పి ఆయనకి ఉంది. కొత్తగా మనం తయారు చేయాల్సిన పనిలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు." తర్వాత భర్త వైపు తిరిగింది. "ఒక్కసారి చెప్పయ్యా. నా కోసం. నీకు నామోషీ అయితే కళ్ళు మూసుకుని చెప్పు."

ఆ రోజు జుట్టుకు రంగు లేదు, పట్టీ లేదు, ఎక్కువ మాత్రలూ లేవు. ఆమె ఆ పూట జీతం వదులుకుని తోడు వచ్చింది. దారిలో ఆయన ఆమె భుజం మీద చేయి వేసి నడిచాడు. వీధిలో అలా నడవడం అదే మొదటిసారి. ఎవరైనా చూస్తున్నారేమోనని ఆయన ప్రాణం సిగ్గుతో చచ్చిపోయింది.

ఈసారి కుర్చీలో ఒక డాక్టరమ్మ ఉంది. జుట్టు నెరిసిన మనిషి, తొందర లేని మనిషి. గోడ మూల చెమ్మ ఇంకా అలాగే ఉంది. మేస్త్రి దాన్ని చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"ఎలా ఉన్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"భేషుగ్గా ఉన్నానమ్మా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. పక్క కుర్చీలో భార్య కళ్ళు మూసుకుంది. అడిగితే తప్ప మాట్లాడకూడదని గుమ్మం దగ్గరే చెప్పి పంపారామెను. లేకపోతే ఆ గది దద్దరిల్లేది.

"మరి ఎందుకొచ్చారు?" అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు, తెలుసుకోవాలన్నట్టే అంది. మేస్త్రి తల దించుకున్నాడు. ఆమె స్కాన్ తీసి వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు పైకి తోసుకుంది. "సరే. నిన్నటి సంగతి చెప్పండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి."

ఇది తేలిక ప్రశ్నే అనిపించింది మేస్త్రికి. "లేచానమ్మా. మొహం కడుక్కున్నాను. టీ తాగాను. బట్టలేసుకున్నాను. పనికెళ్ళాను."

"అంత గబగబా వద్దు. లేచానన్నారు. ఎలా లేచారు?"

"ఎలా అంటే... లేచానమ్మా."

"ఒక్కరేనా?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె చేతిసంచి పట్టీని మెలితిప్పుతోంది.

"ఒక్కణ్ణి లేవలేనమ్మా. పక్కకి దొర్లుతాను. మా ఆవిడ చంకల కింద చేతులేసి లేపుతుంది."

"మొహం కడుక్కున్నానన్నారు. వంగగలరా?"

"వంగలేను. ఆవిడ గిన్నెలో నీళ్ళు పట్టుకుని నిలబడుతుంది."

"స్నానం?"

"కాళ్ళూ వీపూ ఆవిడే రుద్దుతుంది."

"బట్టలు, చెప్పులు?"

"మా ఆవిడే."

"ఆవిడ పొద్దున ఎన్నింటికి లేస్తారు?"

"తెలీదమ్మా," అన్నాడు మెల్లగా. "నేను కళ్ళు తెరిచేసరికి ఎప్పుడూ లేచే ఉంటుంది."

ఆ మాట ఆయన చెవికే కొత్తగా వినపడింది. ఇన్నాళ్ళూ తన నొప్పి తానొక్కడే మోస్తున్నానని, ఎవరికీ కనపడనివ్వకుండా దాస్తున్నానని మనసులో ఒక గొప్ప ఉండేది. దాచిందెక్కడ? అంతా ఆమె చేతుల్లోనే పోశాడు. రెండు షిఫ్టుల పనికి ముందు ఒక షిఫ్టు ఇంట్లోనే చేసి వెళుతోందామె. దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు, తాను అసలే లెక్కపెట్టలేదు.

"పనిలో ఎలా ఉంటుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

ఇక దాచి ఏం లాభం అనిపించింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కాలు మాయమైపోయిన సంగతి, మోచేయి మీద వేలాడిన సంగతి, కింద బావమరిది ఏడ్చిన సంగతి, అన్నీ చెప్పేశాడు. "అప్పటి నుంచీ నిచ్చెనకి తాడు కట్టుకుంటున్నానమ్మా. నడుముకి."

"తాడా?" అంది భార్య.

ఆమెను ఎవరూ అడగలేదు. అయినా డాక్టరమ్మ వారించలేదు. భార్య ఆ ఒక్క మాట అని ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. మేస్త్రి ఆమె వైపు తిరగలేకపోయాడు.

డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టింది. చిన్న సుత్తితో మోకాలి కింద తట్టింది. కుడి కాలు ఎగిరింది, ఎడమది ఎవరినో తట్టినట్టు ఊరుకుంది. "కళ్ళు మూసుకోండి. సూది గుచ్చినప్పుడల్లా చెప్పండి," అంది. కుడి కాలికి గుచ్చినప్పుడు మేస్త్రి ఉలిక్కిపడి చెప్పాడు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం.

"గుచ్చండమ్మా, ఫరవాలేదు. కాచుక్కూచున్నాను," అన్నాడు మేస్త్రి ధైర్యం చెబుతున్నట్టు.

"ఎడమ కాలికి ఎప్పుడో గుచ్చేశానండీ."

ఆయన కళ్ళు తెరిచాడు. మోకాలి నుంచి మడమ దాకా చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయి. ఆ కాలు మీద నమ్మకం పెట్టుకుని ఎన్ని గోడలెక్కాడో తలుచుకున్నాడు. తన కాలిని చూసి తానే భయపడ్డాడు.

"క్రితంసారి మోకాళ్ళు దాటి వంగారని రాశారు. ఎలా వంగారు?"

మాత్రలూ పట్టీ సంగతి కూడా ఒప్పుకున్నాడు. "ఎందుకలా చేశారు?" అంటే, "చూడ్డానికి వస్తున్నారు కదమ్మా. ఉన్నదున్నట్టు ఎలా చూపించడం? మా పనిలో అలా చూపిస్తే మళ్ళీ పిలవరు," అన్నాడు.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు వచ్చి వెంటనే పోయింది. "ఈ స్కాన్ చూస్తే మీరు ఇన్నాళ్ళు నిచ్చెన ఎలా ఎక్కారో నాకే అర్థం కావడం లేదు. పింఛను సంగతి పైవాళ్ళు తేల్చాలి. నా మాట నేను గట్టిగా రాస్తాను. అది వచ్చినా రాకపోయినా మీరు ఇక ఎక్కడానికి వీల్లేదు. తాడు కట్టుకుని అసలే వద్దు."

బయట వరండాలో బావమరిది కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అక్క ముఖం చూడగానే అతనికి విషయం అర్థమైపోయింది.

"నీకు తెలుసు కదరా?"

"బావ ఒట్టేయించుకున్నాడక్కా."

ఆమె అతన్నీ తిట్టలేదు, భర్తనీ తిట్టలేదు. వరండా బల్ల మీద కూర్చుని ముఖానికి సంచి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేస్త్రి మెల్లగా వంగకుండా కూర్చోవడానికి తంటాలు పడి ఆమె పక్కన చేరాడు. "చెప్తే నీకు నిద్ర పట్టదని చెప్పలేదు," అన్నాడు.

"ఇప్పుడు పడుతోందనుకున్నావా?" అంది ఆమె సంచి వెనక నుంచి.

ఆ మర్నాటి నుంచి ఆయన ఎంత చెప్పినా భార్య నిచ్చెన ఎక్కనివ్వలేదు. పింఛను వస్తుందో రాదో తెలియదు, పని లేదు, ఇల్లు గాల్లో దీపంలా ఉంది. మేస్త్రి గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధి చివరి దాకా చూపు సారించి కూర్చునేవాడు. ఉత్తరాలవాడు వస్తుంటే కుర్చీ అంచుకు జరిగేవాడు, దాటిపోతే ఉసూరుమనేవాడు. పింఛను రాకపోతే మళ్ళీ నిచ్చెన ఎక్కాల్సిందే. ఆ కాలితో ఎక్కితే ఏమవుతుందో ఇప్పుడు ఆయనకూ తెలుసు. ధైర్యంగా ఎక్కిన రోజులకంటే ఊరికే కూర్చున్న ఆ రోజులే ఎక్కువ భయపెట్టాయి.

ఉత్తరం వచ్చిన రోజున భార్య పనిలో ఉంది. మేస్త్రి కవరు చింపి చదివాడు. మంజూరైందని ఉంది. నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మంజూరైందనే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడకుండా భోరున ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డాడు. ఆ తర్వాత ఆకలి వేసింది. కడుపు నిండా తిన్నాడు.

భార్య వచ్చి, భుజం మీది సంచి దించకుండానే నిలబడి చదివింది. "అమ్మయ్య," అంది. ఇంకోసారి చదివి మళ్ళీ, "అమ్మయ్య," అంది. చెప్పులు విడుస్తూ అంది, నీళ్ళు తాగి గ్లాసు పెడుతూ అంది. ఆ పూటంతా ఆ ఇంట్లో వేరే మాట లేదు. బావమరిది పరుగెత్తుకొచ్చి బావను ఎత్తుకోబోతే, "నడుమురా, నడుము!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

బావమరిదికి కూడా దారి దొరికింది. తలుపులకూ కిటికీలకూ పాలిష్ వేసే షెడ్డులో చేరాడు. అక్కడ తలుపుల్ని నేల మీద పడుకోబెట్టి పనిచేస్తారట. "నా కోసమే పెట్టారు బావా ఆ షెడ్డు," అని మురిసిపోయాడు.

ఒకరోజు పాత ఇంటివాడు ఒకాయన మేస్త్రికి ఫోన్ చేశాడు. ఇంటి బయటి గోడలన్నీ చేయాలట, మేస్త్రి చేయి తప్ప ఇంకొకరి చేయి వద్దట. ఆ పొగడ్తకి మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. వస్తానన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి, "నా వల్ల కాదండీ," అన్నాడు. అవతలి మనిషి, "అయ్యో, అలాగా. ఒళ్ళు జాగ్రత్త మేస్త్రీ," అన్నాడు. అంతే. ఆకాశం విరిగిపడలేదు. ఆ ఒక్క మాట అనడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందా అని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

మొదటి నెల డబ్బు వచ్చాక భార్య రెండో షిఫ్టు మానేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకు, ఒక పొద్దున ఆమె పనికి వెళ్ళిపోయాక, వంటింటి గట్టు మీద ఫోన్ మోగింది. మేస్త్రి వెళ్ళి చూస్తే అది ఆమెది. బావమరిది ఊరికే చేశాడు. ఫోన్ లేక ఆమె కంగారుపడుతుందేమోనని మేస్త్రికి కాలు నిలవలేదు. చేతికర్ర తీసుకుని బయల్దేరాడు. లాండ్రీ దూరమేమీ కాదు, కానీ ఆయన నత్తనడకకు దూరమే. గేటు దగ్గరికి చేరేసరికి రొప్పుతున్నాడు.

కాపలా మనిషి పాత పరిచయమే. "ఏం మేస్త్రీ, నడుమెలా ఉంది?" అన్నాడు.

"బాగోలేదయ్యా. కాసేపు ఆ స్టూలు ఇటిస్తావా?"

కాపలా మనిషి లేచి స్టూలు ఇచ్చి, లోపలికి కబురు పంపాడు. భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. నీలం ఏప్రన్, చెమటకు నుదుటికి అతుక్కున్న జుట్టు. గేటు దగ్గర కూర్చున్న ఆయన్ని చూడగానే ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఏమైంది? ఏమైందయ్యా?"

"ఏం కాలేదు. ఫోన్ మర్చిపోయావు. ఇద్దామని వచ్చాను."

ఆమె ఆయన చేతిలోని ఫోన్‌ను ఎవరిదో వస్తువులా చూసింది. ఏప్రన్ జేబు తడుముకుంది. ఖాళీగా ఉంది. మెల్లగా గేటు కమ్మీకి ఆనుకుంది.

"లోపల ఫోన్ పెట్టుకోనివ్వరయ్యా," అంది. "అయినా నువ్వు పడ్డప్పటి నుంచీ ఈ జేబులోనే ఉండేది. మిషను మోతలో వినపడదని పొట్టకి ఆనేలా పెట్టుకునేదాన్ని. అది కదిలినప్పుడల్లా ప్రాణం పోయేది. నువ్వు పడ్డావని చెప్పడానికే ఎవరో చేస్తున్నారనుకునేదాన్ని. సూపర్‌వైజరు చూసి తిట్టాడు, జీతం కోస్తానన్నాడు. అయినా తియ్యలేదు." ఆమె ఆగి ఆయన వంక చూసింది. "ఇవాళ పొద్దున్నుంచీ అది గుర్తే రాలేదు. ఒక్కసారి కూడా."

అంటూనే నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఏప్రన్ కొసతో తుడుచుకుంది, అయినా నవ్వు ఆగలేదు. కాపలా మనిషి మర్యాదగా రోడ్డు వైపు తిరిగాడు. మేస్త్రి ఫోన్ ముందుకు చాచాడు.

"వద్దు," అంది ఆమె. "ఇంటికి పట్టుకెళ్ళిపో. సాయంత్రం వచ్చాక తీసుకుంటాను."

లోపల మిషను దగ్గర ఎవరో పిలిచారు. ఆమె ఖాళీ చేతులతో వెనక్కి వెళ్ళిపోయింది. మేస్త్రి ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని, కాసేపు కూర్చుని, ఎండ ముదరకముందే ఇంటిదారి పట్టాడు.